పెట్టె మూత లోపలి మాట

ఈ ఉదయం నాన్న మోటారుసైకిలు పక్కపెట్టెను బాగుచేయడానికి కూర్చున్నాను. ఫైబరు పగులుకు పూసే రెసిన్ జిగురు డబ్బా మూత తీయగానే, ఆ ఘాటుకు మళ్లీ ఎనిమిదేళ్ల పిల్లనయ్యాను.

అప్పుడు మేము దుమ్ముగూడెంలో ఉండేవాళ్లం. నాన్న అడవి పల్లెలకు మలేరియా మందులు తీసుకెళ్లేవారు. ఒకరోజు ఈ పెట్టె పగిలింది; వానలో మందులు తడవకుండా మరునాటికి సిద్ధం కావాలి. రెసిన్‌ను గట్టిపరిచే మందు చుక్కలు కలిపి, పగులుకు పూసి, ఆయన చేతులు కడుక్కోవడానికి వెళ్లారు. జల్దీగా ఆరాలని నేను పొయ్యి ఊదినట్లు ఊదాను. పొగ లేచింది. పూత ఫటేలున పగిలింది.

"ఏం జేసినవే?" నాన్న ఉరికొచ్చారు.

"ఊదిన నాన్నా, ఆరుతదని."

"నీ నోరు పాడుగాను! రేపు మందులు నీ నెత్తిన పెట్టుకొని పోవాల్నా?"

"చిన్నపిల్లను గట్ల తిడ్తవేంది?" అన్నది అమ్మ.

నా ఊపిరిలో నిప్పుందని ఏళ్లతరబడి నమ్మాను. దీపం దగ్గర నోరు మూసుకునేదాన్ని.

పెద్దయ్యాక నేను చేసిన ప్రతి మరమ్మతునూ నోటుబుక్కులో రాసుకున్నాను. చుక్కలు ఎక్కువైతేనే పొగ వస్తుందని అందులో ఉంది. ఈరోజు ఉప్పుకాగితంతో మూత లోపలి రంగు రుద్దితే, మేకుతో గీసిన నాన్న అక్షరాలు బయటపడ్డాయి: "చుక్కలు ఎక్కువ పోసిన. తప్పు నాది, పిల్లది కాదు."

పెట్టెకు చెప్పి, పైన రంగు పూశారు. పక్క గదిలో ఉన్న నాకు చెప్పడానికి ఏమడ్డొచ్చింది?

పెట్టెకంతా కొత్త రంగు వేసి, ఆ మాట మీద మాత్రం పూయకుండా వదిలేశాను. దాని కింద మేకుతోనే నేటి తేదీ వేసి, "అందింది" అని రాసి సంతకం చేశాను.