కారం వెయ్యని చేప

ఆ బుధవారం సాయంత్రం అన్నంలో చేప కలిపి పెడుతుంటే మా పాప మొహం చిట్లించి, "అమ్మా, కారం" అంది. దానికి నాలుగేళ్లు. దాని కోసమని కూరలో చిటికెడు కారం కూడా వెయ్యలేదు నేను. "నాటకాలాడకు, మింగు" అన్నాను. మింగింది.

రాష్ట్రం విడిపోకముందు ఒక వేసవి అది. నాచారంలో ఉంటున్నాం. మావారు మల్లాపూర్‌లో ఒక ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్, నేను ప్రైవేటు స్కూల్లో టీచర్ని. మాది కాకినాడ వైపు. ఆదివారం ఉప్పల్ మార్కెట్లో కానాగంత చేపలు కొని ఫ్రీజర్లో పెట్టుకుని, వారం మధ్యలో స్కూలు నుంచి రాగానే ఇరవై నిమిషాల్లో వండేసేదాన్ని. బాణలిలో ఉల్లిపాయ, వెల్లుల్లి, మెంతికూర మగ్గాక చేప ముక్కలు పరిచి మూత పెట్టడమే. పక్క పొయ్యి మీద బీన్స్ వేపుడు.

ఆ వారం మధ్యాహ్నాలు గంటల తరబడి కరెంటు లేదు. ఫ్రీజర్లోంచి చేపల డబ్బా తీస్తే ఐసంతా కరిగి, ముక్కలు ఎర్రటి నీళ్లలో మెత్తగా తేలుతున్నాయి. కాస్త వాసన. చేపను రాళ్ల ఉప్పు, పసుపు, నిమ్మకాయతో వాసన పోయేదాకా రుద్ది కడగడం మా ఇంట్లో అలవాటు. రెండు నిమ్మకాయలు పిండాను. వాసన పోయింది. సముద్రం పక్కన పుట్టినదాన్ని, నాకు తెలియదా అనుకున్నాను.

అరగంటలో పాప మొహం, మెడ ఎర్రగా కందిపోయాయి. ఒళ్లంతా దద్దుర్లు. నా చీర మీదే వాంతి చేసుకుంది. అన్నం, మెంతాకు తునకలు, చేప పీచు. ఆటోలో దాన్నంతా కొంగుతో తుడుస్తూ, నాకూ డోకొస్తుంటే ఆపుకుంటూ వెళ్లాను.

"ఏం తినిపిచ్చిన్రమ్మా?" అంది నర్సింగ్ హోమ్‌లో సిస్టర్.

"చేప."

"గీ ఎండల చేపలేందమ్మా! జర సూసుకోవాలె గదా."

డ్యూటీ డాక్టర్ బీపీ పడిపోయిందని సెలైన్ పెట్టించి, యాంటీహిస్టమిన్ ఇంజెక్షన్ ఇప్పించాడు. "ఫిష్ అలర్జీ. ఇంక చేప పెట్టకండి. మళ్లీ వస్తే సివియర్‌గా ఉండొచ్చు" అన్నాడు.

తెల్లారేసరికి పాప లేచి ఆడుకుంటోంది. నన్ను మాత్రం రోత పట్టుకుంది. ఆ బాణలి పారేశాను. ఎంత కడిగినా వేళ్లు నీచు కొడుతున్నట్టే ఉండేది. కూరల బండి మీద మెంతికట్ట చూసినా మొహం తిప్పుకునేదాన్ని. పాపకు దోమ కుట్టి ఎర్రబడినా దద్దుర్లేమోనని ఒళ్లంతా వెతికేదాన్ని.

రెండు నెలలు గడిచాయి. ఒక ఆదివారం పక్కింటి యాదమ్మ నవ్వుతూ వచ్చింది. "మా ఇంట్ల బొచ్చె చేపల పులుసుతోని బువ్వ తిన్నది మీ పిల్ల. ఇంకో ముక్క అడిగి మరీ తిన్నది!"

"చంపేస్తావా దాన్ని?" అని అరిచేశాను.

"ఏందమ్మా గట్లంటవ్? సూడు, మంచిగనే ఉన్నది."

సాయంత్రం దాకా కన్నార్పకుండా చూశాను. ఏమీ కాలేదు. ఆ వారమే అలర్జీ డాక్టర్ దగ్గరికి వెళ్లాం. చర్మం మీద గుచ్చి చేసే స్కిన్ ప్రిక్ టెస్ట్‌లో చేప అలర్జీ లేదని తేలింది. ఆయన అడిగాడు, "ఆ రోజు ఇంట్లో ఇంకెవరికైనా ఏమైనా అయిందా?"

మావారు, "నేను డ్యూటీలో ఉన్నాను సార్, తినలేదు" అన్నారు.

అప్పుడు చెప్పాను. ఉప్పు చూడ్డానికి నోట్లో వేసుకున్న ముక్క నా నాలుకనూ చురుక్కుమనిపించింది. మొహం వేడెక్కితే పొయ్యి సెగ అనుకున్నాను. అప్పటిదాకా ఆ మాట ఎవరికీ చెప్పలేదు.

"ఇది అలర్జీ కాదమ్మా, స్కాంబ్రాయిడ్ పాయిజనింగ్. చల్లదనం పోయిన కానాగంతల్లాంటి చేపలో హిస్టమిన్ తయారవుతుంది, అలర్జీ వచ్చినప్పుడు ఒంట్లో పుట్టేదే. కడిగినా పోదు, ఉడికించినా పోదు. కారం తిన్నట్టు నోరు మండుతుంది."

బయటికొచ్చాక మావారు ఒకటే అడిగారు. "నీకూ చురుక్కుమంటే దానికెందుకు పెట్టావే?" ఇంటికెళ్లగానే యాదమ్మకు క్షమాపణ చెప్పుకున్నాను.

ఇప్పుడు మళ్లీ వండుతున్నాను, పాప అడుగుతుంది కాబట్టి. కొన్న సాయంత్రమే వండేస్తాను. ఇన్నేళ్లయినా నాకింకా డోకొస్తుంది. అయినా మొదటి ముక్క నేనే నాలుక మీద పెట్టుకుని కాసేపు ఆగుతాను. మీకు చెప్పేది ఒక్కటే. కారం వెయ్యని చేపను పిల్ల కారమంటే, బతిమాలకండి, కసరకండి. ఆ ముద్ద వెంటనే ఉమ్మించెయ్యండి.