ఒంటెకు ఉలవ గుగ్గిళ్ళు

మొన్న టీవీలో లామాలనీ, అల్పాకాలనీ ఏవో ఉన్ని జంతువుల్ని చూపించారు. ఒంటెకి దాయాదులట. వాటికి గడ్డే అసలు తిండి, గింజలు ఎక్కువైతే ప్రాణం మీదికి వస్తుందని చెబుతుంటే మా ఆయన నా వైపు చూశాడు. నేను చానెల్ మార్చేశాను.

తొంభైల చివర్లో మా ఆయనకి పోర్టులో కాంట్రాక్టు పని పోయింది. సొంతూరు వెళ్ళిపోతున్న ఒక రాజస్థాన్ ఆసామి దగ్గర ఒంటెను కొన్నాడు. మధురవాడలో మా ఇంటి పక్క ఖాళీ స్థలంలో కట్టేశాం. సాయంత్రాలు రుషికొండ బీచికి తోలుకెళ్ళి పిల్లల్ని ఎక్కించి తిప్పాలని లెక్క. కార్తీకమాసం పిక్నిక్‌లు దగ్గర పడుతున్నాయి. ఇల్లు గడవడానికి మాకున్నది ఆ ఒంటె ఒక్కటే.

ఎండుగడ్డి, తుమ్మ కొమ్మలు, కాస్త ఉప్పు, నీళ్ళు చాలు, ఇంకేమీ పెట్టొద్దని అమ్మినాయన చెప్పాడట. నేను నమ్మలేదు. ఆయనెంత పిసినారో ఒంటె పక్కటెముకలు చూస్తేనే తెలుస్తోంది. విజయనగరం దాటాక మా పుట్టింటి పల్లెలో, దుక్కులకు ముందు ఎడ్లకి ఉలవలు ఉడకబెట్టి పెడతారు. గేదెకి కుడితి పడతారు. పిండి కొద్దీ రొట్టె అనేది మా అమ్మ. నా చేతి కుడితి తాగి చిక్కిన గొడ్డు లేదు. అలాంటి నేను నోరులేని జీవానికి ముళ్ళు మేపాలా?

పొద్దున ఉలవ గుగ్గిళ్ళు, మధ్యాహ్నం తౌడు కలిపిన గంజి. మొదటిరోజు ఒంటె వాసన చూసి నా మీద తుపుక్కున ఊసింది. మొహమాటపడుతోందనుకుని బెల్లం కలిపాను. ఆ తరవాత బానే తింది. వారం తిరిగేసరికి కడుపు ఉబ్బి, నెమరు మానేసి, మెడ నేలకి చాపి పడుకుంది.

పశువుల డాక్టరు వచ్చి ఏం పెట్టారని అడిగాడు. నేను కాస్త గొప్పగానే అన్నీ చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఇది ఒంటె అమ్మా. కొత్తల్లుడు కాదు."

గొట్టంతో మందు పట్టించి, ఇక గింజ అనేది దాని కంట పడకూడదన్నాడు. బతుకుతుందా అంటే రేపు చూద్దామన్నాడు. పెట్టి చంపినదాన్ని అవుతానేమోనని భయం. మా ఆయన ఒక్క మాట కూడా అనకపోవడం ఇంకా భయం.

మూడోరోజు పొద్దున అది లేచి నిలబడి, ఆయన నరికి తెచ్చిన తుమ్మ కొమ్మని ముళ్ళతో సహా కరకరా నమిలింది. కాసేపటికి నెమరు వేసింది. నేను అక్కడే కూలబడి ఏడ్చాను.

ఆ మధ్యాహ్నం ప్రాణం కుదుటపడి, భోజనంలో అలవాటు కొద్దీ మా ఆయన కంచంలో మారు అన్నం వేయబోయాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆ ఒంటె మొదటిరోజే ఊసీసింది. నాను పన్నెండేళ్ళయినా వొద్దనలేకపోతన్నాను. మారు ఎయ్యమని నానెప్పుడైనా అడిగానేటే?"

ఆలోచిస్తే నిజంగానే ఎప్పుడూ అడగలేదు. అడిగే వ్యవధి నేనిస్తేగా! సిగ్గూ కోపమూ కలిసి వచ్చాయి, కోపమే ముందు వచ్చింది. గరిటె అక్కడే పెట్టేసి లేచిపోయాను.

మర్నాడు ఒక్కసారి వడ్డించి, గిన్నె మీద మూత పెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఆ చేతుల్ని ఆపడానికి నేను పడ్డ పాట్లు ఆ దేవుడికి తెలుసు. ఆయన కంచం ఖాళీ చేసి మూత వైపు చూశాడు. నేను గోడ వైపు చూశాను.

"కూసింత ఎయ్యే," అన్నాడు.

పన్నెండేళ్ళలో ఆయన నన్ను అడిగి తిన్న మొదటి ముద్ద అది. చాలా కొంచెమే వేశాను.