భేస్తాన్ బతుకమ్మ క్యాసెట్టు

నా పాట విని నన్ను పెళ్లి చేసుకున్నవాడే నా పాట నోరు నొక్కాడు. ఈ మాట నేను మెత్తగా చెప్పలేను, చెప్పను కూడా.

చుట్టాల పెళ్లిలో నేను పాడుతుంటే విని, చేసుకుంటే ఈ పిల్లనే చేసుకుంటానని పట్టుబట్టాడట. సూరత్ తీసుకొచ్చి భేస్తాన్‌లో కాపురం పెట్టాడు. ఆయన మరమగ్గాల మీదికి పోతే నేను ఇంట్లో చీరలకు చమ్కీలు కుట్టేదాన్ని. చేతులు చమ్కీల మీద, నోరు పాట మీద. నాలుగేళ్లు తిరిగేసరికి మనవాళ్ల పెళ్లి ఎక్కడ జరిగినా, పాండేసర దాకా, నన్ను పిలవకుండా పసుపు దంచేవాళ్లు కాదు.

బతుకమ్మకైతే నేనే పాట ఎత్తుకోవాలి. మిగతావాళ్లు ఉయ్యాలో అని అందుకునేవాళ్లు. నా పాటకు కాగితం లేదు. ఆ యేడు వాడలో ఎవరింట్లో ఏం జరిగితే అది పాటలోకి వచ్చేది. ముసలమ్మలు అడుగు తడబడితే ఆగేదాన్ని. ఎవరి మొహమైనా చిన్నబోతే ఆ ముచ్చట అక్కడే దాటేసేదాన్ని. మొహాలు చూడకుండా పాడటం నాకు రాదు.

అలాంటి నన్ను కులసంఘం పెద్దమనిషి చూశాడు.

"చెల్లె, గింత మంచి గొంతు ఊకెనే గాలికి పోతున్నది. క్యాసెట్ జేద్దాం" అన్నాడు.

కోతికి కొబ్బరికాయ దొరికినట్టయింది మా ఆయనకు. ఖటోదరాలో ఒక గదికి తీసుకెళ్లారు. మధ్యలో ఖాళీలు వద్దని రికార్డింగ్ అతను హిందీలో కసిరాడు. అందుకునే ఆడవాళ్లు అక్కర్లేదని ఉయ్యాలో కూడా నా చేతే పాడించాడు. ఆ యేటి పాటలో మా పక్కింటామె ఉంది. పెళ్లయిన ఏడేళ్లకు నీళ్లోసుకుంది. వచ్చే పండక్కి చంకన బిడ్డతో ఆడతావని ఆమె మీద ఒక చరణం కట్టాను. అదీ పాడేశాను. క్యాసెట్టు అట్ట మీద మా ఆయన, సంఘం పెద్దలు నిలబడ్డారు. ఆడదాని ఫొటో వేస్తే బాగుండదట. గొంతు మాత్రం ఆడదానిది కావాలి!

పక్కింటామెకు బిడ్డ పుట్టి మూడో రోజే పోయింది.

మరుసటి పండక్కి ఆమె గడప దాటనంది. నేనే బతిమాలి, నేను పాడతాను కదా అని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాను. తీరా వస్తే అక్కడ రెండు స్పీకర్ డబ్బాలు, పక్కన నా క్యాసెట్టు పట్టుకుని మా ఆయన. నాకు ఒళ్లు మండింది.

"అది పెట్టకు. దాన్ల ఈమె ముచ్చట ఉన్నది. నేనే పాడుత."

"సంఘపోళ్లంత ఇననీకె వచ్చిండ్రు. గా ఒక్క ముచ్చటకే బంద్ జేస్తరా? జర నీ గొంతుకు రెస్ట్ దొరుకుతది, చప్పట్లు గొట్టుపో" అన్నాడు.

వలయం కదిలింది. క్యాసెట్టు ఎవరి కోసమూ ఆగలేదు. ముసలమ్మలు రెండు చుట్లకే ఆయాసంతో పక్కకు తప్పుకున్నారు. అంతలో ఆ చరణం వచ్చింది. చంకన బిడ్డతో ఆడతావే అని నా గొంతే నవ్వుతూ పాడుతోంది. ఆమె తల వంచుకుని చప్పట్లు కొడుతూనే ఉంది. నేను ఉరికి ప్లగ్గు పీకేశాను. పీకి, నేనే వేరే పాట ఎత్తుకున్నాను.

"నలుగుర్ల నా ఇజ్జత్ దీస్తవా?" అంటూ ఆయన నన్ను పక్కకు నెట్టి ప్లగ్గు మళ్లీ పెట్టాడు.

క్యాసెట్టు కదా, ఆగిన చోటి నుంచే మొదలైంది. ఆ చరణం మిగతాదంతా వినిపించింది. ఆమె వలయం విడిచి వెళ్లిపోయింది. వెనకాలే వెళ్లాను. నా మొహం మీదే తలుపేసింది. ఆమెను ఏమనను?

ఆ రోజు నుంచి నేను పాడలేదు, వాడలోనూ, ఇంట్లోనూ. ఏంది, పాడుతలేవు అని ఆయన ఒక్కసారైనా అడుగుతాడని నెలలు ఎదురుచూశాను. అడిగితే కడుపులో ఉన్నదంతా కక్కేద్దామనుకున్నాను. అడగలేదు. రోజూ పొద్దున క్యాసెట్టు వేసుకుని, ఆ పక్కింటామె చరణానికి తల ఊపుతూ, హాయిగా గడ్డం గీసుకునేవాడు.