ఫ్రమ్ అని పేరు పెట్టాను

నంద్యాలలో పైథాన్ అనే కంప్యూటర్ భాష నేర్చుకునే రోజుల్లో ఆళ్లగడ్డ నుంచి నేనూ నా స్నేహితురాలూ కలిసే వెళ్లేవాళ్లం. సాయంత్రం బస్టాండుకు ఎవరు ముందు చేరితే వాళ్లు కిటికీలోంచి చున్నీ వేసి రెండోవాళ్లకు సీటు పట్టాలి. అది మా ఒప్పందం.

ప్రోగ్రామ్‌లో వాడే ఒక్కో వివరానికీ ఒక్కో పేరు పెట్టాలి. మొదటి రోజే సారు, "పేరు మీ ఇష్టం, ఏదైనా పెట్టుకోండి" అన్నాడు. నమ్మాను. చివరి పరీక్షలో బస్సు టికెట్ ప్రోగ్రామ్ రాయమంటే, ఎక్కే ఊరికి 'ఫ్రమ్' అని పేరు పెట్టాను. కంప్యూటర్ తప్పని చూపించింది. కొటేషన్లు మార్చాను, మొత్తం చెరిపి మళ్లీ రాశాను. ఆ పేరును మాత్రం అనుమానించలేదు. పక్క కుర్చీలోంచి నా స్నేహితురాలు చూస్తూనే ఉంది.

బయటికొచ్చాక చెప్పింది. కొన్ని మాటల్ని ఆ భాష తన పనికే ఉంచుకుంటుందట. వాటిని మనం పేర్లుగా పెట్టకూడదట. ఫ్రమ్ అందులో ఒకటి.

"నీకెప్పుడు తెల్సింది?"

"నువ్వు జరమొచ్చి రాని దినం సారు చెప్పినాడు మే."

"మరి నాకు చెప్పలేదేం?"

"అడిగితివా నువ్వు?"

పైథాన్ నయం. తప్పుంటే మొహం మీదే చెప్పింది.

ఆమె ముందు నడిచింది. నేను బస్సెక్కేసరికి తన పక్క సీటు మీద చున్నీ ఉంది.

"రా మే, నీకే పట్టినా."

చున్నీ తీసి ఆమె ఒళ్లో పడేసి, అక్కడే నిలబడ్డాను. శిరివెళ్లలో ఎక్కిన ముసలామె ఆ సీటు చూపించి, "ఎవురన్నా ఉండారా పాపా?" అంది.

"ఎవురూ లేరు, కూర్చో అవ్వా" అన్నాను.