ఫుఫిడియస్ కొనుక్కున్న తాతలు

ఫుఫిడియస్ తాతల్ని కొనేవాడు. మా రోములో గుర్రాల్ని కొనేవాళ్ళున్నారు, పదవుల్ని కొనేవాళ్ళు కోకొల్లలు. కానీ వేలంపాటలో తాతల్ని కొని, గంపలో వేసుకుని ఇంటికి తెచ్చి, మర్నాటి నుంచీ ‘మా తాత’ అని చెప్పుకునే మనిషిని నా జన్మలో ఒక్కణ్ణే చూశాను.

తాతలంటే మైనపు ముఖాలు. పెద్దింటివాళ్ళు రోమును ఏలే కాన్సల్ పదవి వెలగబెట్టిన తమ తాతముత్తాతల ముఖాలను మైనంతో పోతపోయించి, ముందుగదిలో బీరువాల్లో దాచుకుంటారు. ఇంట్లో ఎవరైనా పోతే ఆ ముఖాలు నాబోటి నటులకు తొడిగి శవం ముందు నడిపిస్తారు. వంశమంతా కదిలొచ్చి సాగనంపుతున్నట్టు లెక్క. నేను ఇరవై ఏళ్ళుగా చేస్తున్నది ఆ పనే. బతికుండగా నన్ను గుమ్మం తొక్కనివ్వని మహానుభావులు ఎంతమందో నా చెమటలో నానారు.

నా హయాంలోనే ఆ ఇళ్ళు ఒక్కొక్కటీ ఆరిపోయాయి. తాతలు శత్రునగరం కార్తేజ్‌ని తగలబెట్టారు, తండ్రులు కూర్చుని తిన్నారు, మనవలు పాచికలాడి కొంప వేలానికి తెచ్చుకున్నారు. రోము చరిత్ర అంతకన్నా ఏమీ లేదు. పండితులు దాన్నే గ్రంథాల చుట్టలు చుట్టలుగా రాస్తున్నారు. వేలంలో పాలరాయి ఒకడూ బల్లలు ఒకడూ పట్టుకుపోయాక, ఆఖరికి మైనపు తాతలు మిగిలేవాళ్ళు. వాళ్ళను కరిగించుకోవడానికి కొవ్వొత్తులవాడు చెయ్యి ఎత్తేలోపల మా ఫుఫిడియస్ రెండు చేతులూ ఎత్తేవాడు.

పోనీ మనిషికి ఆ దర్జా ఉందా అంటే, సుబురా పేటలో ఉతుకుడు కొట్టు. వీధి మలుపుల్లో కుండలు పెట్టి, దారినపోయేవాళ్ళ మూత్రం పట్టి, అందులో తొక్కి, పెద్దమనుషులు ఒంటికి చుట్టుకునే టోగాలు తెల్లగా చేసే వ్యాపారం. అతనింకా వీధి అవతల ఉండగానే వాసన వచ్చేది. తండ్రి బానిసగా పుట్టి విడుదలైనవాడు. తాత ఎవరో ఆ తండ్రికే తెలియదు. అలాంటివాడికి పద్నాలుగు మంది తాతలు, ఒక్కరూ కాన్సల్‌కి తక్కువ కాదు!

నాకు మొదటిసారి చూపించిన రోజు బాగా గుర్తు.

“చూడరా డిఫిలో, మా ముత్తాత. కార్తేజ్ ఏనుగులకి ఎదురెళ్ళి నిలబడ్డాడు.”

నేను ముక్కు మీద పగులు చూశాను. “అయ్యా, ఈ ముఖం నేను మూడుసార్లు తొడుక్కున్నాను. ఈ పగులు నేను మెట్ల మీంచి పడ్డప్పుడు వచ్చిందే. ఈయన పక్కపేట వాళ్ళ తాత.”

“వాళ్ళు అమ్ముకున్నారు, నేను తెచ్చుకున్నాను. తాతని అమ్ముకున్నవాడు మనవడా, తెచ్చుకున్నవాడు మనవడా? చెప్పు!”

“ముక్కు పగలడమే మేలైందిలెండి. ఈ కంపు ఆయనకి తెలీదు,” అన్నాను.

ఎండాకాలం వస్తే ఆ కొట్టులో పని సాగేది కాదు. పొద్దున పడమటి గదిలోకి, మధ్యాహ్నం తూర్పు గదిలోకి తాతల్ని మోయడంతోనే పనివాళ్ళకు సరిపోయేది. బీరువాల మీద తడిగుడ్డలు కప్పించేవాడు. “తొందరగా కానివ్వండ్రా, పెద్దాళ్ళకి వడదెబ్బ తగులుద్ది!” అని కేకలు. ఇటు టోగాలు కుండల్లో నానీ నానీ చిరిగేవి.

ఇదంతా ఎందుకంటే, తన చావుకోసం. పద్నాలుగు మంది కాన్సల్‌లు ముందు నడవగా ఊరి నడిబొడ్డున ఉన్న ఫోరం మీదుగా సాగిపోవాలని అతని కోరిక. అందుకని ఏటా పుట్టినరోజున రిహార్సల్. తను ఉతుకుడు బల్ల మీద వెల్లకిలా పడుకునేవాడు. మేం పద్నాలుగు మందిమీ ముఖాలు తొడుక్కుని వీధిలో నడిచేవాళ్ళం. సగం దూరం పోయేసరికి శవం లేచి కూర్చునేది.

“ఆ మూడోవాడు కుంటుతున్నాడేంట్రా? మా వంశంలో కుంటివాళ్ళు లేరు!”

ఈ వైభవమంతా వీధి మలుపులో కూర్చుని చూసేది కొప్రియా. ఉడికించిన శనగలు అమ్ముకునే ముసలమ్మ. పసిగుడ్డుగా చెత్తకుప్ప మీద దొరికింది. ఎత్తుకున్నవాళ్ళు పెట్టిన పేరుకి అర్థం కూడా చెత్తకుప్పే. నా అన్నవాళ్ళు లేరు గానీ, నోరు మాత్రం పదిమంది పెట్టు.

“ఒరేయ్ ఫుఫిడీ! అందరూ తాతలేనా, ఒక్క అమ్మమ్మన్నా దొరకలేదట్రా?”

“నోర్ముయ్యే ముసల్దానా! పెద్దాళ్ళున్న ఇంటిముందు ఒళ్ళు దగ్గర పెట్టుకుని మాట్లాడు.”

“ఉచ్చకుండల కొంపని తెలిస్తే ఆ పెద్దాళ్ళు గోడ దూకి పారిపోతార్రా!”

ఇలా తిట్టుకుంటూనే అతను రోజూ ఆవిడ దగ్గర దోసెడు శనగలు తినేవాడు. ఆవిడ తిడుతూనే పైన ఇంకో గుప్పెడు వేసేది.

ఒక ఏడాది రిహార్సల్ చూస్తూ, ఆవిడ కడుపు పట్టుకుని నవ్వి నవ్వి, “నీకు పద్నాలుగు మందట్రా! నాకు వీధికుక్క కూడా లేదు. బండివాళ్ళు ఈడ్చుకెళ్ళి ఊరవతల గుంటలో పడేస్తారు. కుప్పమీంచి వచ్చాను, కుప్పలోకే పోతాను,” అంది. తనే మళ్ళీ నవ్వింది. బల్లమీద శవం మాత్రం లేచి లోపలికి పోయింది. రిహార్సల్ మధ్యలో ఆగిపోయినందుకు నేను నాలుగు తిట్టుకుని ఇంటికొచ్చాను.

మరుసటేడు ఆగస్టులో ఒక పొద్దున కొప్రియా శనగల గంప పక్కనే ఒరిగి ప్రాణం వదిలింది. కబురు తెలియగానే ఫుఫిడియస్ బట్టలకు రుద్దే మెత్తటి మట్టి ఒక ముద్ద పట్టుకుని ఆవిడ దగ్గరికి పరుగెత్తాడు. ఈ పిచ్చి కొత్తది కాబోలనుకున్నాను. కాసేపటికి గుంట బండి వచ్చింది.

“బండి తీసుకుపొండి. ఆవిడ మా ఇంటి మనిషి,” అన్నాడు వాళ్ళతో. తర్వాత నావైపు తిరిగి, “డిఫిలో, మీ నటుల్ని పిలిచి పద్నాలుగు మందినీ దించు. ఇప్పుడే బయల్దేరాలి,” అన్నాడు.

“మతుండే మాట్లాడుతున్నారా? ఆగస్టు ఎండ, మిట్టమధ్యాహ్నం! అవి మైనపు ముఖాలయ్యా! సాయంత్రం దాకా ఆగుదాం.”

“సాయంత్రం ఫోరంలో ఎవడుంటాడ్రా? గొప్పోళ్ళ శవం పట్టపగలే పోద్ది. ఆవిణ్ణి ఊరంతా చూడాలి.”

“కరిగిపోతే? మరి మీ చావుకి?”

“నేను పోయాక నాకేం కనబడుద్దిరా? ఆవిడకైతే నేను చూస్తాను.”

తాతలకు టోగాలు కావద్దూ? కొట్టులో ఉతకడానికి వచ్చిన సెనేటర్ల ఊదా అంచు టోగాలన్నీ దండెం మీంచి లాగి మాకు కట్టబెట్టాడు. అలా పద్నాలుగు మంది కాన్సల్‌లం శనగల ముసలమ్మ శవం ముందు బయల్దేరాం. ఊరేగింపులో పోయినవాళ్ళ మాటతీరు అనుకరించడం కూడా మా వృత్తిధర్మం కాబట్టి, ముందు నడుస్తున్న నేను కొప్రియా గొంతెత్తాను. “ఏం చూస్తార్రా గుడ్లప్పగించి? నా శనగలు తిన్న నోళ్ళు కావా? ఏడవండి!” సుబురా అంతా నవ్వింది. నవ్వుతూనే వెంట నడిచింది.

ఫోరంలో ఒక సెనేటర్ మెట్లమీద నిలబడి ఉన్నాడు. కళ్ళు నులుముకున్నాడు. “అది నా టోగా! ఆ అంచు నాదే! ఉతకమని ఇచ్చాను!”

“రేపిస్తానయ్యా,” అన్నాడు ఫుఫిడియస్ ఆగకుండా. “ఇవాళ మా తాత కట్టుకున్నాడు.”

అక్కడి నుంచి మొదలైంది. కార్తేజ్ ఏనుగుల ముందు నిలబడ్డ ముత్తాత ముక్కు రోము ఎండ ముందు నిలబడలేక గడ్డం మీదికి జారింది. స్పెయిన్‌ని గెలిచిన ఆయన కనుబొమలు ఊడి నా పక్కవాడి పాదం మీద పడ్డాయి. ఊరి ద్వారం దాటేసరికి ఏ తాత ఎవరో ఆయన్ని కన్న తల్లి కూడా గుర్తుపట్టలేదు. ఇక ఫుఫిడియస్ గుండెలు బాదుకుంటాడని నేను ఆగాను.

“నడవండ్రా,” అన్నాడు.

చితి చల్లారాక, కరిగిన మైనమంతా గంపలోకి ఎత్తుతూ నేనే అడిగాను. “జన్మంతా పోగేసినవి ఒక్క పూటలో పోయాయి కదయ్యా?”

“ఎప్పుడో కొవ్వొత్తులైపోవాల్సినోళ్ళురా. ఎవరికీ అక్కర్లేకుండా పోతుంటే చూడలేక తెచ్చాను. ఎవరికీ అక్కర్లేని ముసల్దాని ముందు నడిచారు. తాతలన్నాక ఈమాత్రం ఉపయోగపడకపోతే ఎట్లా?”

ఆ మనిషిని ఎగతాళి చేయడానికి ఆరోజు నాకు నోరు రాలేదు. మర్నాటికి బాగానే వచ్చిందిలెండి.

సెనేటర్లు ఆ కొట్టుకి బట్టలు వేయడం మానేశారు. బీరువాలు ఖాళీ అయ్యాయి, ఒక్కటి తప్ప. ఆనాడు మెత్తటి మట్టితో ఎత్తిన అచ్చులో పద్నాలుగు మంది తాతల మైనమూ పోసి, కొప్రియా ముఖం చేయించాడు. నోరు కాస్త తెరిచే ఉంది, ఇప్పుడో ఇంకాసేపటికో తిట్టేటట్టు. కొత్తవాళ్ళెవరైనా అడిగితే, “మా మేనత్త. పద్నాలుగు మంది కాన్సల్‌లు ఈవిడలో ఉన్నారు,” అని మళ్ళీ మొదలు. కొన్ని జబ్బులకు మందు లేదు.

ఈ ఏడాది పుట్టినరోజుకి మళ్ళీ కబురొచ్చింది. అతను బల్ల మీద పడుకున్నాడు. ఉన్నది ఒక్క ముఖమే, నడిచేదీ నేనొక్కణ్ణే. ముఖం తొడుక్కుని, శవం మీదికి వంగి, ముక్కు పట్టుకున్నాను.

“ఒరేయ్ ఫుఫిడీ! చచ్చినా కంపు పోలేదట్రా!”

శవం కిసుక్కుమంది. పొట్ట ఊగిపోతోంది.

“అయ్యా, శవం నవ్వకూడదు,” అన్నాను.

“మా ఇంట్లో నవ్వుతారు,” అన్నాడు కళ్ళు తెరవకుండానే. “మేనత్త నుంచీ వస్తున్న వంశాచారం.”