అమ్మ తన మీద వేసుకున్న మాట

మా నాయనది పోస్టాఫీసులో సెంట్రల్ గవర్నమెంటు ఉద్యోగం. కొన్నేళ్లకోసారి కుటుంబంతో దేశంలో ఎక్కడికైనా వెళ్లిరావడానికి ఛార్జీలు ఇచ్చేవాళ్లు. ఆళ్లగడ్డలో ఉన్నన్నాళ్లలో మేం ఆ సౌకర్యం వాడుకున్నది ఒక్కసారే. అదీ అమ్మ అండమాన్ అని పట్టుబట్టినందుకు. ఎనభైల మొదట్లో, నేను పదో తరగతి పరీక్షలు రాసిన వేసవి అది.

అమ్మకు సముద్రం మీద మోజేమీ లేదు. పోర్ట్ బ్లెయిర్‌లో ఆమె చెల్లెలు ఉంది. గడివేములలో మా తాతది పెద్ద సేద్యం. ఆయన చిన్న కూతురు నంద్యాలకు టైపు నేర్చుకోవడానికి వెళ్తూ, అక్కడ రేడియోలు బాగుచేసే ఒకతన్ని పెళ్లి చేసుకుంది. కులం వేరు. అతనికి అండమాన్‌లో కొలువు దొరికితే ఇద్దరూ వెళ్లిపోయారు. అప్పటికి నాకు నాలుగేళ్లు. ఆ తర్వాత తాత ఇంట్లో ఆమె ఊసెత్తినవాళ్లు లేరు.

"ఒక్క జాబన్నా రాయలేదు సూడు. నా మీద దానికేం కోపమే? నేనేం చేసినా?" అని అమ్మ నాతో చాలాసార్లు అనేది.

తాత పోయిన మరుసటి ఏడు, మహానందిలో, చిన్నమ్మతో టైపు నేర్చుకున్న ఒకామె అమ్మను గుర్తుపట్టి చిరునామా రాసిచ్చింది. ఇంటికొచ్చీ రాగానే అమ్మ నాయనతో చెప్పింది. నాయన కాశీ పోదామన్నాడు. తనకు ఓడ పడదన్నాడు. అమ్మ వినలేదు.

మద్రాసులో ఓడెక్కాం. మూడు రోజులు నాయన సరిగా అన్నం తినలేదు. కడుపులో తిప్పుతోందన్నాడు, మేం నమ్మాం. అమ్మ మాత్రం రోజూ పొద్దున తల దువ్వుకుని, ఇంకా ఎంతసేపని కనిపించినవాళ్లందరినీ అడిగేది. నాలుగో రోజు తెల్లవారాక ఓడ పోర్ట్ బ్లెయిర్ రేవులో ఆగింది. అక్కడ ఒక్క పగలే. సాయంత్రం బయల్దేరి, వేరే దీవులు చుట్టి తిరిగి మద్రాసు చేరుతుంది. ఐదింటికల్లా వచ్చేయాలని చెప్పి మమ్మల్ని దింపారు.

చిరునామా పట్టుకుని, దారి అడుగుతూ ఎండలో ఒక మిట్ట ఎక్కాం. చెక్క గోడలు, పైన రేకులున్న చిన్న ఇల్లు. చిన్నమ్మ వాకిట్లో బట్టలు ఆరేస్తోంది. అమ్మ దాచుకున్న ఫోటోలో చూసినదానికన్నా చాలా చిక్కిపోయి ఉంది. అమ్మ గేటు దగ్గరే నిలబడిపోయింది.

"పాపా," అంది.

చిన్నమ్మ తిరిగి చూసింది. చేతిలో తడి చీర అలాగే ఉంది. పరుగెత్తుకొస్తుందనుకున్నాను. రాలేదు.

"రాండి," అంది, పరాయివాళ్లను పిలిచినట్టు. "లోపల కూసోండి."

భర్త పనికి వెళ్లాడట. పిల్లలు లేరు. మాకు నీళ్లిచ్చింది, టీ ఇచ్చింది. నాయన లోపలికి రాకుండా అరుగు మీదే కూర్చున్నాడు. అమ్మ ఊరి సంగతులన్నీ చెప్పుకుపోతోంది. ఎవరు పోయారు, ఎవరికి పెళ్లయింది, తాత చివరి రోజుల్లో ఎంత బాధపడ్డాడు. చిన్నమ్మ ఊ కొడుతోంది. చివరికి అమ్మే ఆగి అడిగింది.

"ఏందీ, ఇట్లుండావు? ఇంత దూరమొస్తే ముఖమన్నా సూడవే? పదకొండేండ్లు. ఒక్క జాబు రాయాలనిపించలేదా నీకు?"

చిన్నమ్మ లేచి, ట్రంకుపెట్టె తెరిచి, అడుగు నుంచి కవర్ల కట్ట తీసి అమ్మ ఒళ్లో పెట్టింది. అన్నిటి మీదా అమ్మ పేరు, మా ఆళ్లగడ్డ ఇంటి చిరునామా. ఒక్కటీ విప్పలేదు. ప్రతి దాని మీదా అడ్డంగా 'అక్కర్లేదు' అని రాసి, కింద అమ్మ పేరుతో సంతకం.

"నాకు గర్భం పోయినప్పుడు రాసిందీ ఇందులోనే ఉండాది," అంది చిన్నమ్మ. "నువ్వొక్కదానివన్నా నా పక్కనుంటావనుకుంటి గదక్కా."

నా లెక్కల నోటుబుక్కులకు అట్ట వేసి పేరు రాసేది నాయనే. ఆ అక్షరాలు నాకు తెలుసు. అమ్మకూ తెలుసు. నేను అరుగు వైపు చూశాను. నాయన వీపు కనిపిస్తోంది. ఇటు తిరగలేదు.

అమ్మ కవర్లను ఒకటొకటిగా చూసింది.

"నేనే రాసినా," అంది. "మన నాయనకు బయపడి రాసినా. తప్పయిపాయ."

చిన్నమ్మ అప్పుడు ఏడ్చింది. అమ్మ దగ్గరికి తీసుకోబోతే చేయి తోసేసింది. కాసేపటికి లేచి పొయ్యి వెలిగించి, అన్నం వండి, ముగ్గురికీ వడ్డించింది. తను తినలేదు. నాలుగు గంటలకు మేం బయల్దేరినప్పుడు నా తల నిమిరింది. అమ్మతో "పోయిరా" అంది, అంతే. రేవు దాకా రాలేదు.

ఓడ కదిలాక నాయన అమ్మ దగ్గరికి వచ్చాడు. "మీ నాయన ఒట్టు పెట్టించుకున్యాడు. జాబు నీ చేతికి పడితే, నువ్వూ ఆ ఇంటి గడప తొక్కగూడదన్యాడు. నీకు పుట్టిల్లు లేకుండా పోతాదని..." అన్నాడు.

"ఆడ నా చెల్లెలి ముందర నిన్ను నిలబెట్టలేక నా మీద ఏసుకున్నా," అంది అమ్మ. "ఇంగ నాకేం చెప్పొద్దు."

ఆ మాట తర్వాత మద్రాసు చేరేదాకా వాళ్లిద్దరూ మాట్లాడుకోవడం నేను చూడలేదు. ఇంటికి చేరాక అమ్మ మామూలుగానే వండింది, వడ్డించింది. కవర్ల మీది రాత తనది కాదని తెలిసిపోతుందని, చిన్నమ్మకు రెండు జాబులు నాతో రాయించింది. బదులు రాలేదు. నిజం రాద్దామమ్మా అని నేనంటే, "మీ నాయన రాయల్ల. నువ్వు గాదు," అంది.

నాయనకు అది రాయడానికి ఏడాదిన్నర పట్టింది. ఒక ఆదివారం పొద్దున కూర్చుని నాలుగు పేజీలు రాశాడు. అమ్మకు చదివి వినిపించాడు. ఆమె తల ఊపింది. తనే వెళ్లి పోస్టు చేసి వచ్చాడు.

నెల దాటాక చిన్నమ్మ భర్త నుంచి కార్డు వచ్చింది. చిన్నమ్మ కామెర్లతో పోయి మూడు నెలలయిందట. మాకు చెప్పొద్దని ఆమే అందట. నాయన రాసిన నాలుగు పేజీలూ ఆమె ఫోటో ముందు నిలబడి పైకి చదివానని రాశాడు ఆయన. నాయనను ఒక్క మాట అనలేదు.

ఆ కార్డు చదివి నాయన గట్టిగా ఏడ్చాడు. ఆయన అలా ఏడవడం అంతకుముందు నేనెరగను. అమ్మ వంటింట్లోంచి వచ్చి, కాసేపు నిలబడి, ఆయన పక్కన నేల మీద కూర్చుంది. భుజం మీద చేయి వేయలేదు. లేచి వెళ్లిపోనూ లేదు. మధ్యాహ్నం దాకా ఇద్దరూ అలాగే ఉన్నారు. ఆ పూట అన్నం నేనే వండాను.