తట్టలో నార

మొన్న మా కోడలు పేడ ఎత్తుతుంటే కొత్త ప్లాస్టిక్ తట్ట అంచు పటుక్కున విరిగింది. విరిగిన చోట వేలితో తడిమి చూశాను, బిస్కెట్టు ముక్కలా ఉంది, నార పోగు ఒక్కటీ లేదు.

మా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, చిల్లకల్లు దగ్గర హైవే పక్కన పాత ప్లాస్టిక్ కరిగించి తట్టలు పోసే రేకుల షెడ్డు ఉండేది. పెళ్లయిన కొత్తలో నేనూ మా ఆయనా వత్సవాయి నుంచి అక్కడికే పనికి పోయేవాళ్లం. విరిగిన బకెట్లూ యూరియా సంచులూ కలిపి కరిగిస్తే ఒకదానికొకటి సరిగా అతకవు, అందుకని బలం వస్తుందని యజమాని అందులో రంపపు పొట్టు పోయించేవాడు. పొట్టంటే రవ్వే కదా, దేన్నీ పట్టుకోదు, మట్టి నింపి ఎత్తగానే తట్ట చెవి ఊడేది. తిరిగొచ్చిన తట్టలు గుట్టపడ్డాయి. ఈసారివీ విరిగితే షెడ్డు మూసేస్తానన్నాడు. అప్పుడు నా కడుపులో పెద్దోడు, పత్తిచేలో వంగే ఓపిక లేదు, ఆ షెడ్డే మా కూడు.

ఆ సాయంత్రం మా అత్త గోడ కోసం మట్టి తొక్కుతూ వరిగడ్డి వేస్తుంటే మా ఆయన చాలాసేపు చూస్తూ నిలబడ్డాడు. ఊకేస్తే పగులుద్ది, గడ్డేస్తేనే ఆగుద్ది గదా అని తనలో తనే అనుకున్నాడు. మర్నాడు గోగునార తెచ్చి కట్టలకు కట్టలే వేస్తే, అది ఉండలు చుట్టుకుని తట్టకు బొక్కలు పడ్డాయి.

"జడలెయ్యటానికి తెచ్చావట్రా ఈ నార?" అన్నాడు యజమాని. అందరూ నవ్వారు.

అప్పుడు నేను కూర్చుని ఆ నారను ఇనప దువ్వెనతో పోగు పోగుగా విడదీసి, ఎండబెట్టి, ముక్కలు కోసి ఇచ్చాను. మరీ పొట్టివైతే జారి ఊడొచ్చేవి, మరీ పొడుగైతే చుట్టుకునేవి, కోసి కోసి చివరికి వేలెడు ముక్క దగ్గర కుదిరింది.

కొత్త తట్టను బోర్లించి, మనిషి ఎక్కి నిలబడితేనే బయటికి పంపడం ఆ షెడ్డు ఆనవాయితీ. మా ఆయనే ఎక్కాడు. తట్ట కిర్రుమంది.

"బయపడమాకే, ఇది నన్ను మోస్తే మనందర్నీ మోసుద్ది" అన్నాడు.

మోసింది. పిల్లలు పెద్దయ్యేదాకా మోసింది.

షెడ్డు రోడ్డు వెడల్పులో పోయింది. ఆయనా పోయాడు. ఆనాటి తట్ట మాత్రం దొడ్లో ఉంది, అంచు అరిగి నార పోగులు నెరిసిన వెంట్రుకల్లా పైకి లేచాయి. చేతికి గుచ్చుకుంటుంది, పారేద్దాం అత్తమ్మా అంటుంది కోడలు. నేను కోసిన నారా ఆయన కరిగించిన ముద్దా ఇంకా ఒకదాన్నొకటి వదల్లేదని ఎలా చెప్పను. ఇప్పటి తట్టలు తళతళలాడతాయి, విరిగితే ఇంకోటి కొంటారు. బోర్లించి, ఎక్కి నిలబడి చూసే మనిషే లేడు.